పరానా ఎవరి పేరు?

మా కొమ్మునూరులో పరానా దగ్గర ఆటో దిగి, పరానాలో టీ తాగి, పరానా మెడ జాకెట్టు కుట్టమని దర్జీకిచ్చి, ఇంటికొచ్చి పరానా నూరుకుని అన్నం తినడానికి ఎవరికీ ఏనాడూ ఇబ్బంది కలగలేదు. ఇబ్బంది కలిగించడానికి మాకు మున్సిపాలిటీ వచ్చింది.

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ పోయి అక్కడ మందలు మందలుగా పెరిగాయన్న కబురు మా వైపు పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఆ పశువుల పుట్టింటివాళ్ళు ఎలా ఉన్నారో చూసిపోదామన్నట్టు, నేను ఈ ఊరికి కాపురానికి రాకముందే, అక్కణ్ణుంచి ఒక పశువుల డాక్టరు వచ్చాడు. ఆయన పేరు బారెడు పొడుగు. ఎవరికీ నోరు తిరగలేదు. ఏ ఊరు నాయనా అంటే, మా రాష్ట్రం పరానా అన్నాడట. మా ఊళ్ళో కోడళ్ళను పుట్టినూరి పేరుతో పిలవడం అలవాటు. నన్నిప్పటికీ చీమకుర్తామె అనే అంటారు. ఆ లెక్కనే ఆయన పరానా డాక్టరు అయ్యాడు.

ఆయన ఒక ఎండాకాలం ఉండి వెళ్ళిపోయాడు. పేరు మాత్రం ఉండిపోయింది. ఆయన దిగిన లాడ్జి పరానా లాడ్జి. దాని ముందు బస్సాగే చోటు పరానా స్టాపు. ఆయన నిలబడి టీ తాగిన కొట్టు పరానా, ఆ కొట్టున్న వీధి పరానా బజారు. ఆయన చొక్కా మెడ వెడల్పు చూసి దర్జీ మా ఆడవాళ్ళ జాకెట్లకు దించాడు గనక అదీ పరానా. మొదటిరోజు మన గోంగూర పచ్చడి తిన్నాక ఆయనకు పట్టుకున్న విరేచనాలు పరానా. ఆ దెబ్బతో ఆయన కోసం కారం లేకుండా నూరిన పచ్చడి పరానా. ఆయన టేపు పట్టుకుని పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా కొలిచి, ఆఖరికి మెడ కావలించుకుని ముద్దుపెట్టుకున్న మందలపు వెంకటాద్రి గారి గిత్త, పరానా. 

గిత్తలకు కూడా మా ఊళ్ళో తాత పేరు మనవడికి పెడతారు. ఇప్పుడున్నది మూడో పరానా. రెండో పరానా బండలాగుడు పోటీలో మొదటి బహుమతి కొట్టినరోజే వెంకటాద్రి గారికి మనవరాలు పుట్టింది. ఆ సంబరంలో ఆయన మనవరాలికీ అదే పేరు పెట్టాడు. ఎదురింటి పిల్ల. తల్లి పొలం పనికి పోతే మా వంటింట్లో కూచుని ఎక్కాలు నేర్చింది.

నగర పంచాయతీ మున్సిపాలిటీగా మారిన ఏడాది, మైకు కట్టిన ఆటో ఒకటి వీధిలోకొచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా! ఏక నామ, ఏక ఉనికి పథకము కింద, ఒకే పేరు కలిగియున్న యావన్మంది పౌరులు, స్థలములు, దుకాణములు, పశువులు, తినుబండారములు మరియు ఇతరములు, శుక్రవారము విచారణకు హాజరు కావలెను. గైర్హాజరైన వాటి పేర్లు రద్దు పరచబడును!"

మా ఆయన పేపరు దించి, "తినుబండారాలు ఆఫీసుకెట్లా వెళ్తాయే?" అన్నారు.

"గిన్నెలో," అన్నాను.

ఆ సాయంత్రమే పరానా, అంటే పిల్ల, మొహం ఎర్రగా చేసుకుని వచ్చింది. పదో తరగతి మంచి మార్కులతో పాసై పశువైద్య పాలిటెక్నిక్‌లో సీటు తెచ్చుకుంది. సోమవారం కౌన్సెలింగు. మున్సిపాలిటీ వాళ్ళిచ్చే ఉనికి పత్రం చూపిస్తేనే సీటు. లేకపోతే వెనక వరసలో ఉన్నవాళ్ళకి పోతుంది.

"ఇవ్వనంటన్నారు పిన్నీ! నా పేరు వివాదంలో ఉందంట. స్తంభింపజేశారంట!"

"పేరునా?"

"ఆ! పరానా-ఏడు అని పెట్టుకుంటే ఇప్పుడే ఇస్తానన్నాడు మస్తాన్‌వలి బాబాయి. పదో తరగతి మార్కుల కాగితంలో ఏడు లేదు గదా! పేరు కలవకపోతే వాళ్ళు తీసుకోరు. అసలు నేనేడో దాన్నేంది పిన్నీ, నేనేమన్నా బస్సునా?"

మస్తాన్‌వలి మున్సిపల్ ఆఫీసులో కంప్యూటరు గుమాస్తా. మంచివాడు. కంప్యూటరు ఏం చెబితే అదే చెబుతాడు.

"ఏడవకు. శుక్రవారం నేనూ వస్తాను. పచ్చడి తరఫున," అన్నాను.

శుక్రవారం మున్సిపల్ హాలు పెళ్ళిపందిరిలా ఉంది. బల్ల వెనక నామ క్రమబద్ధీకరణాధికారి కర్లపాటి జగదభిరామ్ గారు కూచున్నారు. ఆయన కుర్చీ మీద తెల్లటి టర్కీ తువ్వాలు, దాని మీద ఆయన, ఆయన మీద ఫ్యాను. పక్కన కంప్యూటరుతో మస్తాన్‌వలి. లాడ్జి ఓనరు గురవయ్య ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. దర్జీ మెడ ఒక్కటే కత్తిరించుకొచ్చాడు. గిత్తను మెట్లెక్కనివ్వలేదు గనక వెంకటాద్రి గారు కిటికీ దగ్గర నిలబడి ఒక చేత్తో పలుపు పట్టుకున్నారు. నేను గిన్నె పట్టుకెళ్ళాను.

"పేరు అనునది పరిపాలనకు పునాది," అని మొదలుపెట్టారు అధికారి గారు. "ఒక పేరు పిలిచిన ఒకరే పలకవలెను. ఇద్దరు పలికిన అది అరాచకము. ఈ పట్టణమున ఒక్క విదేశీ నామమును తొమ్మిది ఉనికులు అనధికారికముగా అనుభవించుచున్నవని మా సర్వేలో తేలినది. బస్టాపు హాజరైనదా?"

ఎవరూ పలకలేదు.

"గైర్హాజరు. రాసుకోండి. విరేచనముల తరఫున ఎవరు?"

హాలంతా గురవయ్య వైపు చూసింది. లాడ్జి కింద హోటలు కూడా ఆయనదే.

"నన్నెందుకయ్యా చూస్తారు!" అన్నాడు గురవయ్య.

"పచ్చడి?"

నేను లేచి గిన్నె మూత తీశాను. అధికారి గారు చూపుడువేలితో కొంచెం తీసుకుని నాలిక్కి రాసుకున్నారు. కాసేపు ఆలోచించారు. మళ్ళీ కొంచెం తీసుకున్నారు.

"హాజరు. ఉప్పు సరిపోయినది అని నమోదు చేయండి."

ఎవరు ముందు అన్న ప్రశ్న వచ్చేసరికి చిక్కొచ్చింది. మా ఊరి పెద్దవాళ్ళందరూ ఏకకంఠంతో చెప్పిన దాని ప్రకారం, ఆ డాక్టరు మధ్యాహ్నం దిగాడు, భోంచేశాడు, సాయంత్రానికి పరానా పట్టుకుంది. లాడ్జికి ఆ పేరు మర్నాడు గానీ రాలేదు. గిత్తను ఆయన లేచి తిరగగలిగాకే చూశాడు. అంటే సీనియారిటీ ప్రకారం పేరు విరేచనాలది.

జగదభిరామ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ పథకమున మా మున్సిపాలిటీ మొట్టమొదటి నమోదును రాజధానికి నివేదించవలసియున్నది. సభలో చదివి వినిపింతురు. అది..." అని ఆగి, దిక్కుతోచక మస్తాన్‌వలి వైపు చూశారు.

"స్థిర నివాసం లేదని కొట్టేయొచ్చు సార్," అన్నాడు మస్తాన్‌వలి.

"ఉంది సార్! గురవయ్య హోటల్లో!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"నిశ్శబ్దము! స్థిర నివాసము లేని కారణమున విరేచనముల అర్జీ తిరస్కరించడమైనది."

ఇక మిగిలింది లాడ్జి, గిత్త. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లాడ్జికి వస్తే పేరు గురవయ్య బీరువాలోకి పోతుంది. గిత్తకు వస్తే ఇంట్లోనే ఉంటుంది. ఇంట్లో ఉన్నదాన్ని ఎలాగో సర్దుకోవచ్చు. ఇంట్లో వస్తువులు సర్దడమే గదా మేం రోజూ చేసేది.

"అయ్యా, డాక్టరు ముద్దు పెట్టుకున్న గిత్త ఎప్పుడో పోయింది. ఇది దాని మనవడికి మనవడు. దీనికేం హక్కు?" అన్నాడు గురవయ్య.

"నోరు మూసుకోరా గురవా!" కిటికీలోంచి వెంకటాద్రి గారు కేకేశారు. "తాత పేరు మనవడికి కాకపోతే నీ లాడ్జి మేడకి పెడతారంట్రా?"

"ఇది గంభీరమైన న్యాయసందేహము," అన్నారు అధికారి గారు. "తాత ఒక ఉనికి. మనవడు మరొక ఉనికి. ఇరువురికి ఒకే పేరు ఉండుట నిషిద్ధము."

నేను లేచాను. "అడక్కూడదు గానీ, అయ్యగారిది ఎవరి పేరండీ?"

"మా తాతగారిది," అన్నారాయన గర్వంగా. "కీర్తిశేషులు కర్లపాటి జగదభిరామయ్య గారు. తహశీల్దారుగా..." అక్కడ ఆగిపోయారు. ఫ్యాను మాత్రం తిరుగుతోంది.

"పోనీలెండి," అన్నాను. "మీక్కూడా ఏదో ఒక నంబరు ఇస్తారు."

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వితే విచారణ వాయిదా పడుతుందని అందరికీ తెలుసు. జగదభిరామ్ గారు మంచినీళ్ళు తాగి, రూల్సు పుస్తకం తిరగేసి, అందులో ఏమీ లేకపోవడంతో తెల్లకాగితం మీద తామే రాసుకుని చదివారు.

"వారసత్వ నిరంతరతా సూత్రమును అనుసరించి, తాత పేరు ధరించిన మనవడు వేరొక ఉనికి కాడు. తాతయే మనవడు. ఆ కారణమున పరానా అను నామము మందలపు వారి గిత్తకు శాశ్వతముగా దఖలు పరచడమైనది. తక్కినవి నంబర్లు ధరించవలెను."

వెంకటాద్రి గారు గిత్త మెడ తట్టి, "ఇన్నావంటరా?" అన్నారు.

మర్నాటి నుంచి ఊరు నంబర్లలోకి మారింది. లాడ్జి రెండు, స్టాపు మూడు, పచ్చడి అయిదు, విరేచనాలు ఆరు. ఆస్పత్రి దగ్గర ఒకామె, "మావాడు అయిదు ఎక్కువ తిన్నాడు డాక్టరుగారూ, ఆరు పట్టింది," అంటుంటే నేను చెవులారా విన్నాను. 

కంప్యూటరులో పరానా అంటే గిత్త ఒక్కటే గనక పరానా పేరు మీద వచ్చేవన్నీ ఆ గిత్తకే వచ్చాయి. పరానా బజారుకు రావలసిన నీళ్ళ ట్యాంకరు వెంకటాద్రి గారి కొట్టం ముందు ఆగింది. బజారు ఆడవాళ్ళందరూ బిందెలతో అక్కడికే పరిగెత్తారు.

"ముందు వాణ్ణి తాగనీండమ్మా! వాడి పేరున వొచ్చినయ్యి," అని ముసలాయన కర్ర అడ్డం పెట్టాడు.

సాయంత్రం దోమల పొగ యంత్రం వచ్చి బజారంతా వదిలేసి గిత్త చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసింది. ఆదివారం కూడా సెలవు లేకుండా స్తంభం నాటి, గిత్తకు వీధిదీపం పెట్టారు. వెనకాలే జగదభిరామ్ గారు స్వయంగా జీపు దిగి, పథకం ఫలితాల సమీక్ష జరిపారు.

"లబ్ధిదారుడు సంతృప్తి వ్యక్తపరచినాడా?"

"తల ఊపాడు సార్," అన్నాడు మస్తాన్‌వలి.

"నమోదు చేయండి."

ఇన్ని జరిగినా పిల్లకు పత్రం మాత్రం రాలేదు. తెల్లవారితే కౌన్సెలింగు. సమీక్ష కోసం ఆఫీసు తెరిచే ఉంది గనక ఇద్దరం వెళ్ళాం.

"నేనేం చేసేదమ్మా," అన్నాడు మస్తాన్‌వలి దిగులుగా. "పరానా అని కొడితే గిత్తొక్కటే వస్తంది. పాప కావాలంటే ఏడు కొట్టాలి. ఏడు కొడితే మార్కుల కాగితంతో కలవదు."

"పరానా పేరు మీద పత్రం ఉందిగా?"

"ఉంది. గిత్తది."

"అది తీసుకోవడానికి ఎవరు రావాలి?"

"లబ్ధిదారుడు రావాలి. లేకపోతే కుటుంబ సభ్యులెవరన్నా."

"ఈ పిల్లది ఆ కుటుంబమేగా?"

మస్తాన్‌వలి నన్ను చూశాడు, పిల్లను చూశాడు, కంప్యూటరును చూశాడు. అది అడ్డం చెప్పలేదు. మీట నొక్కాడు. జగదభిరామ్ గారు పేరు ఒకటికి రెండుసార్లు చదివి, "అద్భుతము. ఒక్క పేరు, ఒక్క పత్రము," అంటూ ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు.

బయటికొచ్చి చదువుకున్నాం. పేరు, పరానా. లింగము, పురుష. రంగు, తెలుపు. మూపురము, నలుపు. కొమ్ములు, పొట్టి. గుర్తింపు చిహ్నము, కుడిచెవికి పసుపుపచ్చ పోగు. ఫోటోలో గిత్త కదిలినట్టుంది, మూపురం ఒక్కటే పడింది.

పిల్ల మెట్ల మీద కూలబడింది. "దీన్ని పట్టుకుని నేనెట్టా పోయేది పిన్నీ? నవ్విపోతారు!"

"నవ్వే అధికారం అక్కడెవరికీ ఉండదు," అన్నాను. "పసుపుపచ్చ పోగులు నా దగ్గరున్నాయి, పెట్టుకో. తాతనడిగి గిత్త టీకాల కార్డు కూడా తెచ్చుకో."

సోమవారం నేనూ పిల్లా మొదటి బస్సుకు బయల్దేరాం. ఎక్కింది మూడు దగ్గర.

పాలిటెక్నిక్‌లో పత్రాలు చూసే మేడమ్‌కు నా ఈడే ఉంటుంది. ఆమె మార్కుల కాగితం మీద పేరు చదివింది. ఉనికి పత్రం మీద పేరు చదివింది. రెంటి మీదా స్కేలు పెట్టి సరిచూసింది. ఆ తర్వాత కిందికి చదవడం మొదలుపెట్టింది. చదివినకొద్దీ చదువు నెమ్మదించింది.

"పురుష అని ఉంది?"

"మార్చమని అడిగాను మేడమ్. పథకంలో దిద్దుబాట్లు లేవన్నారు," అంది పిల్ల. అది నిజమే, ముందురోజే మస్తాన్‌వలిని అడిగొచ్చింది.

"మూపురం?"

"ఇంకా బయటపడలేదు మేడమ్."

నేను కిటికీలోంచి చెట్లను చూశాను.

"కొమ్ములు పొట్టి అన్నారు."

"కనపడనంత పొట్టి."

"కుడి చెవికి..." పిల్ల జుట్టు వెనక్కి తోసి పోగు చూపించింది. మేడమ్ టిక్కు పెట్టుకుంది. "ఫోటో స్పష్టంగా లేదు."

"కదిలాను మేడమ్."

మేడమ్ కలం కింద పెట్టి పెద్దగా నిట్టూర్చింది. "చూడమ్మా. పథకం ప్రకారం ఈ పేరుతో ఉన్న ఉనికి ఒక్కటే. అవునా?"

"అవునండి."

"నీ పేరు పరానాయేనా?"

"అవును మేడమ్. పుట్టినప్పటినుంచీ."

"అయితే ఈ పత్రం నీది కాదనడానికి రూలు లేదు. నీది కాదంటే ఇంకో పరానా ఉన్నట్టు నేను లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. నాకింకా సర్వీసుంది." ఆమె ముద్ర వేయబోతూ ఆగింది. "ఆరోగ్య పత్రం?"

పిల్ల టీకాల కార్డు ఇచ్చింది. మేడమ్ అది తిరగేసి మొదటిసారి మొహం విప్పార్చింది.

"గాలికుంటు వేయించారు. గొంతువాపు వేయించారు. జబ్బవాపు కూడా! నులిపురుగుల మందు టైము తప్పకుండా! పొద్దుటినుంచి చూస్తున్నా, ఇంత పద్ధతైన అభ్యర్థి ఒక్కరు రాలేదు," అని ధన్‌మని ముద్ర వేసింది.

సీటు వచ్చింది. గేటు దాటాక పిల్ల నన్ను పట్టుకుని నవ్విందో ఏడ్చిందో, నా భుజం మాత్రం తడిసింది.

హాస్టలు దగ్గర మళ్ళీ కాసేపు ఆగాల్సొచ్చింది. పత్రం ప్రకారం మగపిల్లల హాస్టల్లో చేర్చుకోవాలి. చూస్తే ఆడపిల్ల. వార్డెనుగారు పత్రం పట్టుకుని అటూ ఇటూ తిరిగి, రంగు, మూపురం, కొమ్ములు ఇంకోసారి చదివి, తెలివైన మనిషి గనక ఎవరూ తప్పుపట్టలేని నిర్ణయం తీసుకున్నారు. పిల్లకు కాలేజీవారి ఆంబోతుల షెడ్డులో చోటిచ్చారు. కొత్తగా కట్టిన షెడ్డు. పశువులింకా రాలేదు.

ఈ కబురు విని వెంకటాద్రి గారు రెండురోజులు అన్నం మానేశారు. "నా మనవరాల్ని కొట్టంలో కట్టేశారంటమ్మా చీమకుర్తామా! వాడికేమో ఈడ దీపాలు, పొగలు. దానికేమో కొట్టం. నేను పోయి దాన్ని తీసుకొచ్చేత్తా!" అని చెప్పులేసుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. చదువు మాన్పించేస్తారేమోనని నాకు భయం వేసింది. ఆయన ముందే పిల్లకు ఫోను కలిపి, స్పీకరు పెట్టాను.

"ఎట్టున్నావే తల్లీ?" అన్నారాయన.

"బాగున్నా తాతా! ఇరవైనాలుగ్గంటలూ నీళ్ళొస్తన్నయ్యి. గది నిండా ఫ్యాన్లు. కిటికీలకి దోమతెరలు. పొద్దున్నే డాక్టరొచ్చి నలతగా ఉందా అని అడిగి పోతన్నాడు. బరువు తగ్గితే మెమో ఇస్తారంట, నాకు కాదు, ఆయనకి!"

"హాస్టల్లో అట్టా ఉండదా?"

"హాస్టలా? ఆ గదులన్నీ పురుగులు తాతా. నీళ్ళు పొద్దున ఒక్క గంటొస్తయ్యి. గదికి పదిమంది, ఫ్యానొకటి, అదీ తిరగదు. ఆడపిల్లలు ఎన్ని అర్జీలు పెట్టుకున్నా ఆడపిల్లలకి బడ్జెట్ లేదంటన్నారు."

ముసలాయన చెప్పులు విడిచారు. నేను అడిగాను, "ఒక్కదానివే ఉంటున్నావా? భయం లేదూ?"

"ఒక్కదాన్నెక్కడ పిన్నీ!" వెనకాల గలగలా నవ్వులు వినపడ్డాయి, బిందెలు కడుగుతున్న చప్పుడూ వినపడింది. "వాచ్‌మన్ తాత పరానా అన్న పేరున్నోళ్ళని తప్ప ఎవర్నీ లోపలికి రానీడు. రూలంట. మొదటిరోజు నేనొక్కదాన్నే చెప్పా. ఇప్పుడు హాస్టలు పిల్లలంతా బక్కెట్లు పట్టుకుని వరసగా వొస్తన్నారు. పేరేందమ్మా అని అడుగుతాడా, ఒక్కొక్కతే పరానా అంటది, లోపలికొస్తది. ఆయన పాపం ప్రతిదానికీ సరేనంటన్నాడు. ఈరోజుకి నలభైమందిమి పరానాలం అయ్యాం పిన్నీ!"